బీపీ మిషన్ ఏ గదిలో పెట్టాలి?

(ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు, నర్సుల కోసం జరిగిన ఒక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడే వంతు నాకిచ్చారు. వెనక వరసల్లో వాళ్ళు కునుకు తీసినా నేనేమీ అనుకోను. ముందు వరస వాళ్ళు మాత్రం కాస్త ఆపుకోండి. [నవ్వులు]

హెచ్‌ఐవీ వైద్యాన్ని, బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల వైద్యాన్ని చిన్న ఆసుపత్రుల్లో కలిపి చేయడం గురించి మాట్లాడమన్నారు. ఈ విషయంలో ఎక్కువ పని జరిగింది ఆఫ్రికాలో, ముఖ్యంగా దక్షిణాఫ్రికాలో. అందుకని ఎక్కువసేపు అక్కడే తిరుగుతాను, ఆ తర్వాత మన జిల్లాలకు వస్తాను. ఒక మాట ముందే చెప్పేస్తున్నా. అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి మన పీహెచ్‌సీలో పెడితే పనిచేయదని నా అభిప్రాయం. అలాగని వదిలేయమనీ అనడం లేదు. అందులో మనం తీసుకోవాల్సింది ఏది, తీసుకోకూడనిది ఏది అన్నదే ఇవాళ్టి మాట.

దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో క్వాజులు-నాటాల్ అని ఒక రాష్ట్రం ఉంది. డర్బన్ అందులోదే. 1860లో మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరిన ట్రూరో ఓడ చేరింది ఆ రేవుకే. ఆ తర్వాత విశాఖ, గంజాం వైపు నుంచి మనవాళ్ళు కూడా చెరకు తోటల పనికి వెళ్ళారు. వాళ్ళ మునిమనవలు ఇంకా అక్కడే ఉన్నారు, చాలా ఇళ్ళల్లో షుగర్ ఉంది. అది ఇంకో ప్రసంగానికి సరిపడా కథ, ఇక్కడ వద్దు.

ఆ రాష్ట్రం ఉత్తరపు కొసన ఉమ్ఖన్యకుడే అనే జిల్లా ఉంది. పల్లెలు, పేదరికం. 2018-19లో అక్కడ ఊరూరా క్యాంపులు పెట్టి, 15 ఏళ్ళు దాటిన 17 వేల మందికి పైగా మనుషుల్ని పరీక్షించారు. సర్వే పేరు వుకుజాజీ. హెచ్‌ఐవీ, టీబీ, బీపీ, షుగర్ నాలుగూ ఒకే క్యాంపులో చూశారు. 34 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. 23 శాతం మందికి బీపీ, 8.5 శాతం మందికి షుగర్. నాలుగింటిలో కనీసం ఒకటి ఉన్నవాళ్ళు సగానికి పైనే.

ఈ అంకెలకన్నా నన్ను ఆపేసింది తర్వాతి విషయం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి వైరస్ అదుపులో ఉంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అదుపులో లేదు, ఉన్నట్టు తెలియనివాళ్ళూ బోలెడు. ఊరు ఒకటే, క్లినిక్ ఒకటే, నర్సమ్మ కూడా ఒకరే. వైద్యపరంగా చూస్తే బీపీ ఎంతో తేలికైన జబ్బు. రోజుకో అమ్లోడిపిన్ మాత్ర, అప్పుడప్పుడు చేతికి పట్టీ కట్టి చూడటం. అది చేతకాని క్లినిక్, హెచ్‌ఐవీని ఎలా అదుపులో పెట్టింది?

దీనికి జవాబు ఆ దేశ చరిత్రలో ఉంది. 2000 ప్రాంతంలో ఒక మనిషికి ఏడాదికి హెచ్‌ఐవీ మందుల ఖర్చు 10 వేల డాలర్ల పైమాట. 2001 ఫిబ్రవరిలో సిప్లా అధినేత యూసఫ్ హమీద్ ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామన్నారు. అప్పటి దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకీ, హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందన్న విషయాన్నే ప్రశ్నిస్తూ కూర్చున్నారు. రోగులు వీధుల్లోకి వచ్చారు. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే వాళ్ళ సంఘం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళి, గర్భిణులకు, బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఆపే నెవిరాపిన్ ఇవ్వాలని 2002లో తీర్పు తెచ్చుకుంది. 2004లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు మొదలయ్యాయి. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణచిపెట్టే మందుల వైద్యం, మొదలైంది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 1న. మొదటి విడతలో ఆంధ్రప్రదేశ్ ఉంది.

ఇంత కొట్లాట తర్వాత వచ్చిన మందులు కాబట్టి వాటి చుట్టూ గట్టి ఏర్పాటు కట్టారు. ప్రతి రోగికీ రిజిస్టరులో పేరు, రావాల్సిన తేదీ. మందు మొదలుపెట్టే ముందు కౌన్సెలింగ్. ఏడాదికోసారి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష. రాకపోతే ఫోను, ఫోనెత్తకపోతే ఇంటికి మనిషి. 2010 నుంచి డాక్టరు లేకుండానే నర్సులు మందు మొదలుపెట్టడానికి అనుమతించారు. దాంతో ఏఆర్‌టీ ఇచ్చే కేంద్రాలు సుమారు 500 నుంచి మూడేళ్ళలో 3,500 దాకా పెరిగాయి. నర్సులు ఇస్తే ప్రమాదమని అప్పట్లో చాలామంది డాక్టర్లు అభ్యంతరపెట్టారు. ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో జరిగిన స్ట్రెచ్ అనే అధ్యయనం ఫలితం డాక్టర్ల చేతిలో ఎలా ఉందో నర్సుల చేతిలోనూ అలాగే ఉందని తేల్చింది. ఈ గదిలో స్టాఫ్ నర్సులు ఉన్నారు కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగా చెబుతున్నా. [చప్పట్లు]

బీపీ రోగి వైపు చూడండి. రిజిస్టరు లేదు. తేదీ లేదు. తెల్లారకుండా వచ్చి లైన్లో నిలబడాలి. మాత్రలుంటే ఇస్తారు, లేకపోతే వచ్చే వారం రమ్మంటారు. వచ్చే వారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగే దిక్కు లేదు. పోనీ, వచ్చి ఏం లాభమని అతనికీ అనిపిస్తుంది. తప్పు అతనిదా?

ఇక్కడ ఇంకో సంగతి కూడా జరుగుతోంది. మందులు పనిచేశాయి కాబట్టి హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు బతికారు. బతికినవాళ్ళకు వయసు పైబడుతోంది. ఎంపుమలాంగా రాష్ట్రంలో అగిన్‌కోర్ట్ అనే పల్లెప్రాంతం ఉంది. అక్కడ 40 ఏళ్ళు దాటిన 5,059 మందిని పరీక్షిస్తే 23 శాతానికి హెచ్‌ఐవీ, 58 శాతానికి బీపీ ఉన్నాయి. అంటే రెండూ ఒకే ఒంట్లో ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. అలాంటావిడ ఒక సోమవారం హెచ్‌ఐవీ గదికి, ఇంకో గురువారం బీపీ గదికి రావాలి. రెండు రోజుల కూలి పోతుంది, రెండుసార్లు ఆటో ఖర్చు. ఏదో ఒకటి మానేయాల్సి వస్తే ఏది మానేస్తుందో చెప్పక్కర్లేదు.

దీన్ని చూసే 2011లో దక్షిణాఫ్రికా ఆరోగ్య శాఖ కొన్ని జిల్లాల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. దీర్ఘకాలిక జబ్బుల సమగ్ర నిర్వహణ అనుకోండి. క్లినిక్‌లో మూడు దారులు పెట్టారు. జ్వరం, దెబ్బ లాంటివి ఒక దారి, తల్లీబిడ్డలు ఒక దారి, ఎప్పటికీ మందులు వాడాల్సినవాళ్ళందరూ ఒక దారి. ఈ మూడో దారిలో హెచ్‌ఐవీ, బీపీ, షుగర్, మూర్ఛ, ఆస్తమా అన్నీ ఉంటాయి. లైన్లో ఎవరికేముందో పక్కవాళ్ళకు తెలియదు. ఇంతకుముందు హెచ్‌ఐవీ వాళ్ళకు వేరే గది ఉన్నప్పుడు ఆ తలుపు దగ్గర నిలబడితేనే ఊరంతా తెలిసిపోయేది.

నాకు బాగా నచ్చింది ముందురోజు మధ్యాహ్నం జరిగే పని. రేపు ఎవరెవరు రావాలో జాబితా చూసి వాళ్ళ ఫైళ్ళు ముందే తీసిపెడతారు. మాత్రలు ముందే పొట్లాలు కట్టి పేరు రాసి పెడతారు. పొద్దున్నే రోగి వస్తే బరువు, బీపీ ఒక చోట చూసి, అన్ని జబ్బులకూ ఒకే నర్సు, ఒకే ఫైలు, ఒకే పొట్లం. చెప్పడానికి చాలా చిన్న విషయం. మన ఓపీ కౌంటర్ దగ్గర పదకొండు గంటలకు జరిగే తోపులాట గుర్తు తెచ్చుకోండి, దీని విలువ తెలుస్తుంది.

ఇన్ని చేసినా ఫలితం? అగిన్‌కోర్ట్ దగ్గరే, బుష్‌బక్‌రిడ్జ్ క్లినిక్కుల్లో ఈ పద్ధతి ఉన్నచోట్లను, లేనిచోట్లను పోల్చి చూశారు. హెచ్‌ఐవీ వాళ్ళ సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) అదుపులో సుమారు 6 శాతం మెరుగు. బీపీ అదుపులో ఒక్క శాతం. ఒక్కటంటే ఒక్కటే. బీపీ వాళ్ళ కోసమే కదా ఇంత చేసింది!

కారణాలు రోగులూ నర్సులే చెప్పారు. బీపీ మాత్రలు నిండుకోవడం. బీపీ మిషన్లు పాడైపోవడం. సిబ్బంది చాలకపోవడం. రోగి రాకపోతే ఇంటికెళ్ళి పిలిచే మనిషి ఉన్నది ఎక్కువగా హెచ్‌ఐవీ వాళ్ళకే. చూశారా, గది కలిపారు, లైను కలిపారు, ఫైలు కలిపారు. మందుల సరఫరా మాత్రం కలవలేదు. హెచ్‌ఐవీ మాత్రలు ఒక పకడ్బందీ దారిలో వస్తున్నాయి, బీపీ మాత్రలు పాత దారిలోనే వస్తున్నాయి. మాత్రలు లేని రోజున ఎంత అందంగా సర్దిన క్లినిక్ అయినా చేసేదేమీ ఉండదు.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కలపడం అంటే హెచ్‌ఐవీ రోగికి ఇన్నాళ్ళూ ఉన్న హామీని బీపీ రోగికి కూడా ఇవ్వడం. మాత్ర ఉంటుందన్న హామీ, రాకపోతే అడుగుతామన్న హామీ, అంకె రాసి చూపిస్తామన్న హామీ. ఇవి ఇవ్వలేనప్పుడు కలిపితే ఏమవుతుంది? బీపీ వైద్యం పైకి రాదు. హెచ్‌ఐవీ వైద్యం కిందికి దిగుతుంది.

ఆ రెండో భయం నిజమేనా అని టాంజానియా, ఉగాండాల్లో పరీక్షించారు. ఇంటె-ఆఫ్రికా అని ఆ అధ్యయనం పేరు. ఫలితాలు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 32 ఆరోగ్య కేంద్రాలు, 7,028 మంది. సగం కేంద్రాల్లో హెచ్‌ఐవీ, బీపీ, షుగర్ వాళ్ళందరికీ ఒకే చోట రిజిస్ట్రేషన్, ఒకే వెయిటింగ్ హాలు, ఒకే సిబ్బంది, ఒకే ఫార్మసీ. మిగతా చోట్ల మామూలుగా వేర్వేరు. ఏడాది తర్వాత చూస్తే వైరస్ అదుపులో ఉన్నవాళ్ళు కలిపినచోట 97.0 శాతం, విడిగా ఉన్నచోట 97.3 శాతం. అంటే హెచ్‌ఐవీ వైద్యం చెడిపోలేదు. బీపీ, షుగర్ వాళ్ళలో వైద్యం మానకుండా కొనసాగినవాళ్ళు కలిపినచోట 89.0, విడిగా 86.3 శాతం. గొప్ప తేడా అనను. అయితే ఇన్నాళ్ళూ వేరుగా ఉంచడానికి చెప్పిన ప్రధాన కారణం, కలిపితే హెచ్‌ఐవీ పాడవుతుందన్నది, దీంతో చాలావరకు పోయింది. క్లినిక్‌కి వస్తూ ఉండటం వేరు, బీపీ 140 కిందికి రావడం వేరు. ఈ తేడా మరచిపోయి రిపోర్టులు రాసేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు.

క్లబ్బుల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. కేప్‌టౌన్ శివారులో ఖయెలిత్సా అనే పెద్ద బస్తీ ఉంది. అక్కడ 2007లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్ళు మొదలుపెట్టారు. వైరస్ అదుపులో ఉండి నిలకడగా ఉన్నవాళ్ళని పాతిక, ముప్పై మందిని ఒక గుంపుగా చేసి, రెండు నెలలకోసారి కలిపి, కట్టిపెట్టిన పొట్లాలు పంచి, బరువు చూసి, ఏమైనా ఇబ్బందులుంటే అడిగి పంపేవారు. నడిపేది డాక్టరు కాదు, నర్సు కూడా కాదు, కౌన్సెలర్. మూడేళ్ళు దాటాక చూస్తే క్లబ్బులో ఉన్నవాళ్ళలో 97 శాతం మంది వైద్యంలో కొనసాగుతున్నారు, క్లబ్బులో చేరనివాళ్ళలో 85 శాతం. మన డ్వాక్రా గ్రూపుల్ని చూసినవాళ్ళకు ఇదెలా పనిచేస్తుందో నేను వివరించనక్కర్లేదు.

అదే సంస్థ 2013లో నైరోబీలోని కిబేరా బస్తీలో ఇంకో అడుగు వేసింది. హెచ్‌ఐవీ వాళ్ళని, బీపీ, షుగర్ వాళ్ళని ఒకే క్లబ్బులో కూర్చోబెట్టింది. 1,432 మంది చేరారు, వాళ్ళలో 71 శాతం హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు. సజావుగానే సాగింది. కానీ ఒక చిక్కు వచ్చింది. బీపీ వాళ్ళలో కొందరికి, ఆ క్లబ్బులో కూర్చుంటే తమకూ హెచ్‌ఐవీ ఉందనుకుంటారేమోనన్న భయం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన ఊళ్ళకు వచ్చినప్పుడు ఇదే అడ్డం తగులుతుంది.

ఇక మందుల సంగతి. ఈ భాగం డాక్టర్లు నిద్రపోకుండా వినాలి. రెండు జబ్బులూ ఒకే మనిషి చూడాలని నేను అంటున్నది రోగి సౌకర్యం కోసం మాత్రమే అనుకోకండి. మాత్రలు ఒకదానితో ఒకటి గొడవ పడతాయి. ఇప్పుడు ఎక్కువమంది వాడేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపిన ఒకే మాత్ర. 2017లో ఆఫ్రికాకు ఏడాదికి 75 డాలర్లకు ఇస్తామని ఒప్పందం చేసుకున్న కంపెనీల్లో హైదరాబాదుకు చెందిన అరబిందో ఒకటి. ఇప్పుడు ధర 45 డాలర్ల లోపే. మంచి మాత్ర. కానీ డోలుటెగ్రవిర్ వాడేవాళ్ళకు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇస్తే రక్తంలో మెట్‌ఫార్మిన్ బాగా పెరుగుతుంది. అందుకే రోజుకు 1,000 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. షుగర్ డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి తెలియదు, 850 మాత్ర పూటకొకటి రాసేస్తారు. అక్కడికే 1,700 అయింది. ఇలాంటిది మీ దగ్గర జరగలేదని ఎవరైనా చెయ్యెత్తగలరా?

కాల్షియం, ఐరన్ మాత్రలు డోలుటెగ్రవిర్‌ను పీల్చుకోనివ్వవు. ఖాళీ కడుపున వాడితే టీఎల్‌డీ వాటికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. అన్నంతో పాటైతే కలిపి వేసుకోవచ్చు. గర్భిణులకు ఐరన్ మీరే ఇస్తారు కదా, ఏఎన్ఎంలు ఇది రాసుకోండి. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద పడుతుంది. పైగా బీపీ, షుగర్ కూడా ఉండి, మోకాళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని రోజూ మింగేవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే, రిటోనవిర్ ఉన్న రెండో వరస మందులు వాడేవాళ్ళకు అమ్లోడిపిన్ ప్రభావం పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి, తల తిరుగుతుంది. వాళ్ళకు కొలెస్ట్రాల్ మాత్ర సిమ్వాస్టాటిన్ అసలు ఇవ్వకూడదు. టీబీకి రిఫాంపిసిన్ ఇస్తే డోలుటెగ్రవిర్ రెండు పూటలా ఇవ్వాలి.

ఇంకోటి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు మామూలు వాళ్ళకన్నా ఎక్కువ. 2023లో రిప్రీవ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 12 దేశాలు, మన దేశం కూడా ఉంది. 40 నుంచి 75 ఏళ్ళ మధ్య 7,769 మంది, మామూలు లెక్కల ప్రకారం గుండె ముప్పు మరీ ఎక్కువ లేనివాళ్ళు. వాళ్ళకు పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర ఇస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. ఇరవై ఏళ్ళు పోరాడి వైరస్ నుంచి కాపాడుకున్న మనిషి, కొలెస్ట్రాల్ ఎవరూ చూడక గుండెపోటుతో పోతే, దాన్ని హెచ్‌ఐవీ మరణమని ఏ రిజిస్టరులోనూ రాయరు.

సరే, మన దగ్గరికి వద్దాం.

2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ళలో 0.67 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. తెలంగాణలో 0.47. దేశ సగటు 0.21 కాబట్టి మనది ఎక్కువే. ఉమ్ఖన్యకుడేతో పోల్చండి, అక్కడ ముగ్గురిలో ఒకరు. ఇక్కడ నూట యాభై మందిలో ఒకరు. 30 వేల జనాభా ఉన్న పీహెచ్‌సీ పరిధిలో లెక్కేస్తే నూరూ నూట యాభై మంది తేలతారు.

ముగ్గురిలో ఒకరికి ఉన్నచోట అందరినీ ఒకే లైన్లో కలిపితే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఆ గుంపులో కలిసిపోతారు. నూట యాభై మందిలో ఒకరికి ఉన్నచోట కలిపితే ఆ ఒక్కరు బయటపడతారు. పీహెచ్‌సీలో ఫార్మసిస్టు పక్క వీధివాడు. ఆశా కార్యకర్త మేనత్త కూతురు. హెచ్‌ఐవీ మందు డబ్బా ఎవరి చేతిలో ఉందో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మన రోగులు ఈ లెక్క ఎప్పుడో వేసుకున్నారు. ఇంటి దగ్గరే మందులిచ్చే లింక్ ఏఆర్‌టీ కేంద్రం ఉన్నా, బస్సు ఛార్జీలు పెట్టుకుని పక్క జిల్లా సెంటర్‌కి వెళ్ళేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళని తెలివితక్కువ వాళ్ళనుకోకండి. దూరమే వాళ్ళకు రక్షణ.

అందుకని అక్కడ హెచ్‌ఐవీని మామూలు క్లినిక్‌లోకి తెచ్చారు, మనం తిరగేసి చేయాలి. బీపీ మిషన్‌ని, గ్లూకోమీటర్‌ని, అమ్లోడిపిన్‌ని, మెట్‌ఫార్మిన్‌ని, అటోర్వాస్టాటిన్‌ని ఏఆర్‌టీ సెంటర్‌లోకి తీసుకెళ్ళాలి. రోగి మూడు నెలలకోసారి ఎలాగూ అక్కడికి వస్తోంది. రిజిస్టరు ఉంది, కౌన్సెలర్ ఉంది, రాకపోతే వెతికే ఏర్పాటు ఉంది. అదే కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పట్టీ కడితే అయిపోతుంది. బీపీ ఉందని చెప్పి, మాత్రలకు మాత్రం ఇంకో భవనంలో మెడిసిన్ ఓపీకి వెళ్ళమంటే సగం మంది వెళ్ళరు. మాత్రలు ఏఆర్‌టీ ఫార్మసీ కిటికీలోనే దొరకాలి. మందుల ఇండెంట్ ఎవరి పద్దు కింద రాయాలన్నది ఆఫీసుల మధ్య తేల్చుకోవాల్సిన విషయం, రోగి నెత్తిన పెట్టేది కాదు. 2004లో ముప్పై ఏళ్ళ వయసులో మందు మొదలుపెట్టినవాళ్ళు ఇప్పుడు యాభై దాటారు. వాయిదా వేసే టైం మనకు లేదు.

మరి పీహెచ్‌సీలో ఏం చేయాలి? హెచ్‌ఐవీ రోగిని తేకపోయినా హెచ్‌ఐవీ పద్ధతిని తెచ్చుకోండి. ఇది కొత్తేమీ కాదు. 104 బండి నెలకోసారి ఊరికొచ్చి బీపీ, షుగర్ మాత్రలు ఇచ్చిన రోజుల్లో, ఫలానా తేదీన వస్తుందన్న నమ్మకం మీదే జనం రచ్చబండ దగ్గర కూర్చునేవారు. 2017 నవంబరులో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. ఒకే ప్రొటోకాల్, అందరికీ తెలిసిన మూడు నాలుగు మాత్రలు, 30 రోజుల మందులు ఒకేసారి, రానివాళ్ళ జాబితా, వాళ్ళకు ఫోన్లు. చూస్తే ఇది ఏఆర్‌టీ సెంటర్ పద్ధతే. హెచ్‌ఐవీ అన్న పేరెత్తకుండా దాని మంచినంతా తెచ్చుకోవచ్చని ఇది చూపించింది. రేపు ఊళ్ళో బీపీ రోగులందరూ తేదీల ప్రకారం వచ్చి, పేరు రాసిన పొట్లాలు పట్టుకెళ్ళడం మామూలైపోతే, ఆ పొట్లాల్లో ఒకదానిలో టీఎల్‌డీ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. అప్పుడు కలుపుదాం. ఆ రోజు రావడానికి ముందు కలపొద్దు.

డబ్బు గురించి ఒక మాట. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపేసింది. దక్షిణాఫ్రికా హెచ్‌ఐవీ ఖర్చులో అప్పటికి అమెరికా వాటా సుమారు 17 శాతమే, ఎక్కువ భాగం వాళ్ళ సొంత బడ్జెట్. కానీ ఆ 17 శాతంలో ఉన్నవాళ్ళెవరు? కౌన్సెలర్లు, డేటా రాసేవాళ్ళు, ఇళ్ళకు వెళ్ళి వెతికేవాళ్ళు. ఇంతసేపూ నేను పొగుడుతున్న ఏర్పాటు అంతా వాళ్ళే. ఇప్పుడు ఎన్నో దేశాల్లో కలపడం అన్న మాట గట్టిగా వినిపిస్తోంది, విడిగా నడపడానికి డబ్బు లేదు కాబట్టి. నాకు ఇక్కడే టెన్షన్. రోగి కోసం కలపడానికీ, జీతాలు మిగుల్చుకోవడానికి కలపడానికీ తేడా మొదటి ఏడాది కనిపించదు. రెండో ఏడాది వైరల్ లోడ్ రిపోర్టుల్లో కనిపిస్తుంది. కౌన్సెలర్ పోస్టు తీసేసి ఆ పని కూడా స్టాఫ్ నర్సుకే అప్పజెప్పే ఉత్తర్వు మీ చేతికి ఎప్పుడైనా వస్తే, దాన్ని సమగ్ర వైద్యం అని పిలవొద్దు.

నా మాటలు ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

[ప్రశ్న, ఒక స్టాఫ్ నర్సు: ఏఆర్‌టీ వాడుతున్నామని చెప్పకుండానే మా దగ్గర బీపీ, షుగర్ మాత్రలు తీసుకుంటారు సార్. మెట్‌ఫార్మిన్ సంగతి మాకెలా తెలుస్తుంది?]

మంచి ప్రశ్న అమ్మా. నీకు హెచ్‌ఐవీ ఉందా అని అడగొద్దు. అందరినీ, అందరినీ అంటే బీపీ చూపించుకోవడానికొచ్చిన సర్పంచ్ గారిని కూడా, పక్కన ఎవరూ లేనప్పుడు ఒకటే ప్రశ్న అడగండి: ఇంకెక్కడైనా చూపించుకుంటున్నారా, అక్కడ రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా? కొందరు పెద్దాసుపత్రి నుంచి రోజుకొక మాత్ర అని అంటారు. అంతకుమించి చెప్పకపోయినా మీకు సరిపోతుంది. మెట్‌ఫార్మిన్ 1,000 దాటించకుండా షుగర్ అదుపులోకి రాకపోతే గ్లిమిపిరైడ్ లాంటిది కలపడం గురించి డాక్టరు గారితో మాట్లాడండి. వాళ్ళకు తెలియకుండా రక్తం తీసి హెచ్‌ఐవీ పరీక్ష మాత్రం చేయించొద్దు, చట్టం ఒప్పుకోదు.

[ప్రశ్న, ఒక మెడికల్ ఆఫీసర్: ఏఆర్‌టీ సెంటర్ వాళ్ళు మాకు రోగి వివరాలు చెప్పొచ్చా? చట్టం అడ్డు రాదా?]

2017 హెచ్‌ఐవీ చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టకూడదన్నది అందులో మూల నియమం. వైద్యం చేస్తున్న ఒకరు, అదే రోగికి వైద్యం చేస్తున్న ఇంకొకరికి, చికిత్సకు అవసరమైనంత మేరకు చెప్పడానికి మినహాయింపు ఉంది. కాబట్టి డాక్టరుకు డాక్టరు చెప్పొచ్చు. కానీ ఓపీ చీటీ మీద ఎర్ర సిరాతో రాసి పంపడం అందులోకి రాదు, ఆ చీటీ ఫార్మసీ దగ్గర పదిమంది చూస్తారు. నా సలహా ఏమిటంటే, ముందు రోగిని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. తర్వాత కార్డు మీద జబ్బు పేరు లేకుండా, మెట్‌ఫార్మిన్ రోజుకు 1,000 మించకూడదు, డైక్లోఫెనాక్ వద్దు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఫలానా తేదీన చూశాం అని మాత్రమే రాయించండి. క్రియాటినిన్ కొద్దిగా పెరిగితే కంగారు పడి టీఎల్‌డీ ఆపేయకండి. డోలుటెగ్రవిర్ కిడ్నీ దెబ్బతినకుండానే ఆ అంకెను కాస్త పెంచుతుంది. ఎంత పెరిగిందో, మూత్రంలో ప్రొటీన్ ఉందో లేదో చూసి, ఏఆర్‌టీ డాక్టరుకు ఫోన్ చేసి అప్పుడు నిర్ణయించండి.